టేబుళ్లకు పేర్లు పెట్టే కమిటీకి ఒక బహిరంగ లేఖ

స్కీమా ప్రమాణాల కమిటీ పెద్దలందరికీ నమస్కారం.

డేటాబేస్ స్కీమాలో, అంటే టేబుళ్ల అమరికలో, టేబుళ్లకీ కాలమ్‌లకీ ఏ పేర్లు పెట్టాలో చెబుతూ మీరు పంపిన నామకరణ నియమాల ముసాయిదా మా టీమ్‌కి అందింది. 38 పేజీలు. చివర్లో "అభ్యంతరాలుంటే వారం రోజుల్లోగా తెలియజేయగలరు" అని ఉంది. ఆ ఒక్క వాక్యం పట్టుకుని ఈ ఉత్తరం రాస్తున్నాను. మీకు ఒక మెయిల్ పెడితే సరిపోయేది. కానీ 14 ఏళ్లలో మూడు చోట్ల పనిచేశాను, మూడు చోట్లా ఇలాంటి ముసాయిదానే చూశాను, ఒకే అచ్చులో పోసినట్టు. ఇంకా ఎన్ని చోట్ల ఎంతమంది కూర్చుని ఇదే రాస్తున్నారో అనిపించి, అందరికీ కనబడేలా బయటే రాస్తున్నాను.

నేను టేబుళ్లు డిజైన్ చేసేవాణ్ణి కాదు. మీరు చేసి వెళ్లినవాటిని రాత్రిపూట చదివేవాణ్ణి. ప్రొడక్షన్ సపోర్ట్ అంటారు మా పనిని. తనంతట తాను నడిచే బ్యాచ్ జాబ్ పడిపోయినా, రిపోర్టులో అంకెలు కుదరకపోయినా, ఒకరి బిల్లు రెండుసార్లు పడినా ఫోన్ మోగేది మా దగ్గరే. ఆ వేళకి డిజైన్ చేసినాయన దొరకడు. చాలాసార్లు కంపెనీలోనే ఉండడు. నా ఎదురుగా ఉండేవి ఆయన పెట్టిన పేర్లు మాత్రమే. ఈ కాలమ్‌లో ఏముందని అడిగితే జవాబు చెప్పాల్సింది ఆ పేరే.

ఆ కళ్లతో మీ ముసాయిదా చదివాను. టేబుల్ పేరు ఏకవచనంలో ఉండాలా బహువచనంలో ఉండాలా అన్నదానికి 9 పేజీలు. పేరు ముందు ఇది టేబుల్ అని చెప్పే టీబీఎల్ తగిలించాలా, వ్యూ (వేరే టేబుళ్లలోంచి తీసి టేబుల్‌లా చూపించేది) అయితే వీ పెట్టాలా వీడబ్ల్యూ పెట్టాలా అన్నదానికి 6 పేజీలు. లోపలున్న విలువ ఏమిటో పేరు చెప్పాలన్న సంగతికి అర పేజీ, అదీ "అర్థవంతమైన పేర్లు వాడవలెను" అని. అర్థం లేని పేరు పెడదామని ఎవరూ కూర్చోరండీ. డీటీ1 అని పెట్టినాయనకి కూడా ఆ రోజు అది అర్థవంతంగానే కనబడి ఉంటుంది.

ఏకవచనం గొడవ ముందు తేల్చేద్దాం, అది తేలిక. డేటాని టేబుళ్లుగా అమర్చే రిలేషనల్ మోడల్‌ని ప్రతిపాదిస్తూ ఎడ్గర్ కాడ్ రాసిన వ్యాసం 1970 జూన్‌లో అచ్చయింది. అందులో ఉదాహరణగా ఉద్యోగుల వివరాలున్నాయి. ప్రధాన రిలేషన్ (అంటే టేబుల్) పేరు ఎంప్లాయీ, ఏకవచనం. దాని కిందే పిల్లల వివరాలకు పెట్టిన పేరు చిల్డ్రన్, బహువచనం. ఒకే బొమ్మలో రెండూ. మూలపురుషుడే పట్టించుకోనిదాని మీద మనవాళ్లు మూడు మీటింగులు పెట్టుకున్నారు. వెబ్‌సైట్లు కట్టే ఫ్రేమ్‌వర్క్ రూబీ ఆన్ రెయిల్స్ తనంతట తానే బహువచనం చేసుకుంటుంది, పర్సన్ అనే క్లాసు రాస్తే పీపుల్ అనే టేబుల్ కోసం వెతుకుతుంది. జాంగో అనే ఇంకో ఫ్రేమ్‌వర్క్ మోడల్ పేరుని బహువచనం చేయకుండా ఉంచి ముందు యాప్ పేరు తగిలిస్తుంది. రెండింటి మీదా వేల సైట్లు నడుస్తున్నాయి. ఏదో ఒకటి అనండి, ఒకటే అనండి, అర పేజీలో ముగించండి.

నా మటుకు నాకు ఏకవచనమే ఇష్టం, పేర్ల లిస్టులో ఇన్‌వాయిస్, ఇన్‌వాయిస్_లైన్ పక్కపక్కనే వస్తాయని. కానీ ఇందులో ఒక చిక్కుంది, అది మీ 9 పేజీల్లో ఎక్కడా లేదు. ఆర్డర్, యూజర్, గ్రూప్. ఈ మూడూ డేటాబేస్‌తో మాట్లాడే భాష ఎస్‌క్యూఎల్ తన సొంతానికి దాచుకున్న (రిజర్వ్‌డ్) మాటలు. కోట్స్‌లో పెట్టి టేబుల్ చేయనిస్తుంది, కానీ ఆ తర్వాత జీవితాంతం కోట్స్ మోయాలి. మోయడం మరిచిపోతే ఏమవుతుందో చెప్తాను. మా దగ్గర ఒక అబ్బాయి కొత్తగా చేరాడు. చేరిన వారానికే రాత్రి షిఫ్టులో వణుకుతూ నా సీటు దగ్గరికి వచ్చాడు. "సార్, యూజర్ టేబుల్ మొత్తం పోయింది. ఒక్క వరుసే మిగిలింది." వెళ్లి చూస్తే పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్‌లో కోట్స్ లేకుండా సెలెక్ట్ స్టార్ ఫ్రమ్ యూజర్ (యూజర్‌లో ఉన్నదంతా చూపించు) అని కొట్టాడు. పోస్ట్‌గ్రెస్ దృష్టిలో యూజర్ అంటే ఇప్పుడు లాగిన్ అయి ఉన్న మనిషి. అందుకని వాడి లాగిన్ పేరునే ఒక వరుసగా చూపించింది. ఎర్రర్ లేదు, హెచ్చరిక లేదు. ఆ ఒక్క వరుసలో తన పేరే ఉందని కూడా ఆ కంగారులో వాడు గమనించలేదు.

బహువచనం చేసేస్తే బతికిపోతాం అనుకోకండి. 2018లో ఇంకో డేటాబేస్ మైఎస్‌క్యూఎల్ 8.0 వెర్షన్ వచ్చినప్పుడు గ్రూప్స్, ర్యాంక్, సిస్టమ్, విండో అనే మాటలు కొత్తగా ఆ రిజర్వ్‌డ్ జాబితాలో చేరాయి. అంతకుముందు రోజుదాకా నడిచిన క్వెరీలు (డేటాబేస్‌ని అడిగే ప్రశ్నలు) అప్‌గ్రేడ్ అయిన రోజు పడిపోయాయి. రెండు మాటల పేరు పెడితే ఈ బాధ ఉండదు. కస్టమర్_ఆర్డర్, యాప్_యూజర్, పర్మిషన్_గ్రూప్. ఇలాంటివి ఏ కొత్త వెర్షనూ వచ్చి లాక్కోదు. మీ నియమావళిలో ఈ ఒక్క లైను చేరిస్తే ఆ 9 పేజీలూ క్షమిస్తాను.

కాడ్ వ్యాసంలోనే నాకు ఇంకొకటి ముఖ్యంగా తోచింది. విడిభాగాల ఉదాహరణ ఒకటి ఉంటుంది అందులో. ఏ భాగం ఏ భాగంలో ఎన్ని పడుతుందో చెప్పే రిలేషన్. పార్ట్, పార్ట్, క్వాంటిటీ. రెండు పార్టులు ఎందుకంటే ఒకటి లోపల బిగించేది, ఇంకొకటి ఏది తయారవుతుందో అది. ఏది ఏదో తెలియాలంటే మొదటిది ఇదీ రెండోది అదీ అని వరుస గుర్తుపెట్టుకోవాలి. ఆ భారం వాడేవాళ్ల మీద పెట్టకూడదని, ఒకదానికి సబ్ అని, ఇంకోదానికి సూపర్ అని పాత్రను బట్టి పేరు ముందు తగిలించాడాయన. అంటే కాలమ్ ఎక్కడుందన్నది కాక దాని పేరేమిటన్నదే అర్థం మోయాలన్న ఆలోచన ఆ మొదటి వ్యాసంలోనే ఉంది. అరవై కాలమ్‌ల టేబుల్‌లో నలభై రెండోది ఏమిటో మనం లెక్కపెట్టుకోకుండా బతుకుతున్నామంటే ఆ చలవే.

ఇప్పుడు మన ప్రొడక్షన్‌లో లీవ్ టేబుల్ చూడండి. ఎంప్_ఐడీ, ఎంప్_ఐడీ1, ఎంప్_ఐడీ2. సెలవు అడిగినదెవరు, ఆమోదించినదెవరు, ఆ రోజుల్లో పని చూసేదెవరు? నాకు తెలుసు, ఎందుకంటే ఒకసారి పొరపాటున తలకిందులుగా అనుకుని, ఆమోదించిన మేనేజర్ల సెలవులన్నీ కోసేసే స్క్రిప్టు రాశాను. నడపకముందే పక్క సీటావిడ చూసింది కాబట్టి బతికాను. అడిగిన_ఎంప్లాయీ_ఐడీ, ఆమోదించిన_ఎంప్లాయీ_ఐడీ అనే తరహాలో, పాత్ర ముందు పెట్టి పేరు పూర్తిగా రాస్తే పది అక్షరాలు ఎక్కువ పడతాయి. పడనివ్వండి.

అందరికీ తెలిసిన ప్రైమరీ కీ, అంటే ఒక్కో వరుసని గుర్తుపట్టే కాలమ్, వాదనకి వస్తాను. ప్రతి టేబుల్‌లోనూ కీ పేరు ఉత్త ఐడీ అని ఉండాలా, కస్టమర్_ఐడీ అని పూర్తిగా ఉండాలా? మీ ముసాయిదా ఉత్త ఐడీ వైపు మొగ్గింది, "టేబుల్ పేరు మళ్లీ చెప్పడం పునరుక్తి" అని కారణం చెప్పింది. దీని మీద నాకో కథ ఉంది. తప్పు చేసింది నేనే కాబట్టి మొహమాటం లేకుండా చెప్తాను.

పాత ఉద్యోగంలో మాట. టెస్టింగ్ కోసం ప్రొడక్షన్‌లో ఎవరో నలభై మంది దొంగ కస్టమర్లను సృష్టించారు. వాళ్ల ఆర్డర్లు తీసేయమని టికెట్. ఆ నలభై మందినీ ఒక చిన్న టేబుల్‌లో వేసుకున్నాను, టెస్ట్_కస్టమర్ అని. అక్కడి నియమం ప్రకారం అందులో కీ పేరు ఐడీ. ఆర్డర్ల టేబుల్‌లో మాత్రం కస్టమర్_ఐడీ. నేను రాసింది మామూలు మాటల్లో ఇది: ఆర్డర్లలోంచి తీసేయి, ఎవరి కస్టమర్_ఐడీ అయితే టెస్ట్_కస్టమర్‌లోని కస్టమర్_ఐడీల్లో ఉందో వాళ్లవి.

టెస్ట్_కస్టమర్‌లో కస్టమర్_ఐడీ అనే కాలమ్ లేదు. ఎర్రర్ రావాలి కదా? రాదు. లోపలి క్వెరీలో ఒక పేరు దొరక్కపోతే ఎస్‌క్యూఎల్ బయటి క్వెరీలో వెతుకుతుంది. బయట ఆర్డర్ల టేబుల్‌లో కస్టమర్_ఐడీ ఉంది, అది పట్టుకుంది. దాంతో నా షరతు, ప్రతి ఆర్డర్‌లోనూ కస్టమర్_ఐడీ తనకి తాను సమానమా అని అడిగినట్టయింది. సమానమే మరి. నలభై మందివి పోవాల్సింది, మొత్తం పోయాయి. కస్టమర్_ఐడీ నల్‌గా, అంటే విలువే లేకుండా, ఉన్న కొన్ని వరుసలు మాత్రం మిగిలాయి, ఎందుకంటే నల్ తనకి తాను కూడా సమానం కాదు. కమిట్ కొట్టి మార్పు ఖాయం చేసిన తర్వాత కింద కనబడిన సంఖ్య చూసి కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. తెల్లవారేదాకా బ్యాకప్ ఎక్కించాం.

ఇది బగ్ కాదు, భాష నియమమే అంత. పేరు ముందు టేబుల్ ఏలియాస్ (పొట్టి పేరు) రాసి ఉంటే ఆ క్షణమే ఎర్రర్ వచ్చేది, రాయకపోవడం నా తప్పు. డిలీట్‌కి ముందు సెలెక్ట్‌తో లెక్క చూసుకోకపోవడం అంతకంటే పెద్ద తప్పు. ఒప్పుకుంటాను. కానీ రెండు టేబుళ్లలోనూ కస్టమర్_ఐడీ అనే ఉండి ఉంటే నా రెండు తప్పులూ కలిసినా ఏమీ అయ్యేది కాదు. నిద్రమత్తులో ఉన్నవాణ్ణి కూడా కాచుకునే పేరుని పునరుక్తి అనకండి. రెండు టేబుళ్లని కలిపే జాయిన్‌లోనూ అంతే. ఓ చుక్క ఐడీ ఈక్వల్స్ సీ చుక్క ఐడీ అని ఉంటే ఆర్డర్ నంబర్‌ని కస్టమర్ నంబర్‌తో కలిపేశారని కంటికి ఆనదు. రెండూ అంకెలే, వరుసలూ వస్తాయి, రిపోర్టూ తయారవుతుంది. ఆర్డర్_ఐడీ ఈక్వల్స్ కస్టమర్_ఐడీ అని ఉంటే చూసిన మొదటివాడే అడుగుతాడు.

మీరు వాడే ఫ్రేమ్‌వర్క్ ఉత్త ఐడీ కావాలంటే సరే, దానితో కుస్తీ పట్టొద్దు. అప్పుడు కనీసం ఏలియాస్ లేని కాలమ్ పేరు రివ్యూ దాటకూడదని పక్కనే రాయండి.

టీబీఎల్ ప్రిఫిక్స్ గురించి ఎక్కువ చెప్పను. టేబుల్‌ని టేబుల్ అని పిలవడం వల్ల నాకు కొత్తగా తెలిసింది ఏమీ లేదు. పైగా అది ఎప్పటికీ నిజంగా ఉండదు. టీబీఎల్_ప్రొడక్ట్‌ని రెండేళ్ల కింద రెండు ముక్కలు చేశారు, పాత క్వెరీలు విరగకూడదని అదే పేరుతో ఒక వ్యూ పెట్టారు. ఇప్పుడది టీబీఎల్ అనే పేరున్న వ్యూ. ఇంటిపేరు కస్తూరివారు, ఇంట్లో గబ్బిలాల కంపు. స్టోర్డ్ ప్రొసీజర్లకి, అంటే డేటాబేస్‌లోనే దాచిపెట్టే ప్రోగ్రాములకి, మీరు సూచించిన ఎస్‌పీ_ అయితే ఇంకా నష్టం. ఎస్‌క్యూఎల్ సర్వర్ అనే డేటాబేస్‌లో ఆ ప్రిఫిక్స్ దాని సొంత సిస్టమ్ ప్రొసీజర్లది, ఆ పేరు కనబడితే వాటికోసం ఉన్న మాస్టర్ డేటాబేస్‌లో కూడా వెతుకుతుంది. ఆ పేజీ కొట్టేయండి.

ముసాయిదా 11వ పేజీలో "పేర్లు 30 అక్షరాలకు మించరాదు" అని ఉంది. ఈ 30 ఎక్కడిదో గుర్తుందా? ఒరాకిల్ డేటాబేస్‌లో 12.1 వెర్షన్ దాకా పేర్లకు 30 బైట్ల హద్దు ఉండేది. 12.2 నుంచి అది 128. ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో 128 అక్షరాలు. మైఎస్‌క్యూఎల్‌లో 64. పోస్ట్‌గ్రెస్‌లో 63 బైట్లు. కారణం ఎప్పుడో పోయింది, నియమం మాత్రం ఒక ముసాయిదాలోంచి ఇంకో ముసాయిదాలోకి కాపీ అవుతూ బతికేస్తోంది. దానివల్ల జరిగేదేమిటంటే ఇంగ్లిష్ మాటలోంచి అచ్చులన్నీ పీకేసి హల్లులు మిగల్చడం. మనకి అర్థమయ్యేలా చెప్పాలంటే, గుణింతాలన్నీ చెరిపేసి తెలుగు రాసినట్టు. "కలం", "కాలం", "కోలం" మూడూ "కలం" అయి కూర్చుంటాయి. ఆర్‌సీపీటీ రిసీట్ అయినా కావచ్చు, రెసిపీ తర్వాత టీ అయినా కావచ్చు. ఎవరికి తెలుసు?

పోస్ట్‌గ్రెస్ సంగతి విడిగా చెప్పాలి. 63 బైట్లు దాటిన పేరుని అది తిరస్కరించదు, తోక కోసేసి ఒక నోటీస్ పడేసి ముందుకుపోతుంది. డిప్లాయ్ స్క్రిప్టు లాగ్‌లో ఆ నోటీస్ ఎవరు చదువుతారు? మొదటి 63 బైట్లూ ఒకేలా ఉండి చివర్లో తేడా ఉన్న రెండు ఇండెక్స్ (త్వరగా వెతకడానికి పెట్టే సూచిక) పేర్లు ఒకటే అయిపోతాయి. సరదాకి ఒక మాట: తెలుగులోనే కాలమ్ పేర్లు పెడితే ఎలా ఉంటుందని ఒక సాయంత్రం ప్రయత్నించాం. పోస్ట్‌గ్రెస్ కోట్స్ కూడా అడగకుండా ఒప్పుకుంటుంది. కాకపోతే అక్షరాలు దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు గుర్తు ఒక్కోదానికి 3 బైట్లు. అంటే 63 బైట్లకి 21 గుర్తులు. గుణింతం, పొల్లు, ఒత్తుకి ముందు వచ్చే విరామం అన్నీ లెక్కలోకే. "రుణ_చెల్లింపు_గడువు_తేదీ" అని సంతోషంగా కొట్టాం, తేదీకి దీర్ఘం పోయి "తేద" మిగిలింది. నవ్వుకుని మానేశాం.

సంక్షిప్త పేర్లు అసలు వద్దని నేను అనను. పెద్ద కంపెనీలు వాడే ఎస్‌ఏపీ సాఫ్ట్‌వేర్ చూడండి, వాళ్ల కాలమ్ పేర్లు జర్మన్ మాటల ముక్కలు. ఎంఏటీఎన్ఆర్ అంటే మెటీరియల్ నంబర్, కేయూఎన్ఎన్ఆర్ అంటే కస్టమర్ నంబర్. జర్మన్ అక్షరం ముక్క రానివాళ్లు కూడా దశాబ్దాలుగా వాటితో పని చేస్తున్నారు. ఎందుకంటే ఎంఏటీఎన్ఆర్ అన్నది ఏ మాడ్యూల్‌లో కనబడినా అదే వస్తువు. ఒక్కసారి నేర్చుకుంటే చాలు. మన దగ్గర కస్టమర్‌ని బిల్లింగ్‌లో కస్ట్ అంటారు, సేల్స్‌లో క్లయింట్, సపోర్ట్‌లో పార్టీ, కొత్త మైక్రోసర్వీస్‌లో అకౌంట్. అకౌంట్ అంటే బిల్లింగ్‌లో మళ్లీ ఇంకేదో. ఒక్కో పేరు విడిగా చూస్తే అందంగానే ఉంది. నాలుగూ కలిపి చూస్తే ఒకే మనిషా నలుగురా అని నేను తవ్వుకోవాలి. ఒక వస్తువుకి ఒకే మాట, ఒక మాటకి ఒకే వస్తువు. ఆ జాబితా ఒక పేజీలో రాసి ముసాయిదాకి జత చేయండి, అది 38 పేజీలకంటే ఎక్కువసార్లు తెరుస్తాం.

క్యాపిటల్ లెటర్ల విషయం. మాటమాటకీ మొదటి అక్షరం పెద్దది చేసి కలిపి రాయమన్నారు. చూడ్డానికి బాగుంటుంది. కానీ కోట్స్ లేకుండా రాస్తే పోస్ట్‌గ్రెస్ అన్నిటినీ చిన్నవి చేస్తుంది, ఒరాకిల్ అన్నిటినీ పెద్దవి చేస్తుంది. అప్పుడు మాటలన్నీ అతుక్కుపోయి, సంధి విడదీసే పని చదివేవాడికి పడుతుంది. మైఎస్‌క్యూఎల్‌లో ఇంకో ముచ్చట. లినక్స్ మీద టేబుల్ పేర్లలో పెద్దా చిన్నా తేడా పాటిస్తుంది, ఫైళ్ల పేర్లకి ఉన్న పట్టింపే వాటికీ. విండోస్ మీద పాటించదు. డెవలపర్ ల్యాప్‌టాప్‌లో శుభ్రంగా నడిచింది సర్వర్ మీద "టేబుల్ లేదు" అంటుంది. చిన్న అక్షరాలు, మధ్యలో అండర్‌స్కోర్. ఇది అన్ని చోట్లా బతుకుతుంది. నా అభిరుచి కాదిది, దెబ్బలు తిని తేలిన సంగతి.

ఇక అర పేజీ ఇచ్చిన అసలు విషయం. నా రాత్రుళ్లన్నీ పోయేది ఇక్కడే.

డ్యూరేషన్ అనే కాలమ్ ఉంది మన కాల్స్ టేబుల్‌లో. ఒక సోర్స్ నుంచి సెకన్లు వస్తాయి, ఇంకో సోర్స్ నుంచి మిల్లీసెకన్లు. మూడు నిమిషాల కాల్ ఒకచోట 180, ఇంకోచోట 1,80,000. ఆ రెండోదాన్ని సెకన్లనుకుని రిపోర్టు 50 గంటలని చూపించింది. ఒక కస్టమర్ రెండు రోజులు ఆపకుండా మాట్లాడాడా అని మేనేజర్ అడిగారు. డ్యూరేషన్_ఎంఎస్ అని పేరుంటే, సెకన్లు పంపేవాడికి లోడ్ చేసే స్క్రిప్టు రాస్తున్నప్పుడే చెయ్యి ఆగేది. అమౌంట్ అంటే ఏ కరెన్సీ, పన్ను కలిపా కలపకా? వెయిట్ అంటే కిలోలా గ్రాములా? కొలత ఉన్న ప్రతి కాలమ్ పేరు చివరా ఆ కొలత ఉండాలి. దీనికి మినహాయింపు ఇవ్వకండి.

తేదీలు. డేట్ అని ఒక కాలమ్. ఆర్డర్ పెట్టిన తేదీయా, డబ్బు వచ్చిన తేదీయా, వరుస చేరిన తేదీయా? పైగా ఒరాకిల్‌లో డేట్ అన్నది రిజర్వ్‌డ్ మాట, కోట్స్ లేకుండా ఆ పేరే పెట్టనివ్వదు. ఆ ఒక్క విషయంలో ఒరాకిల్‌కి దండం. జరిగిన క్షణం అయితే చివర _ఎట్, రోజు మాత్రమే అయితే చివర _డేట్. క్షణమైతే అది యూటీసీనా (ప్రపంచమంతటికీ ఒకటే ప్రామాణిక సమయం) స్థానిక సమయమా అన్నది ఒకే నియమంగా మొదటి పేజీలో ఉండాలి. అర్ధరాత్రి దాటిన గంటలో వచ్చిన ఆర్డర్లు ఏ రోజు లెక్కలోకి వెళ్తాయో అన్న తగువు నేను ఏటా రెండుసార్లైనా తీరుస్తున్నాను.

అవునా కాదా అనే కాలమ్‌లు. స్టేటస్ అని పెట్టి 1, 0 వేస్తారు. 1 అంటే బాగున్నట్టా పాడైనట్టా? ఇంకొకరు ఈజ్_నాట్_ఇనాక్టివ్ అని పెట్టారు. దాన్ని ఫాల్స్‌తో పోల్చిన షరతు ఒకటి దొరికింది నాకు. యాక్టివ్ కానిది కానిది కాదు. కాగితం మీద వేసుకుని మూడు గీతలు కొట్టేస్తే తప్ప తేలలేదు. పేరులో "కాదు" ఉండకూడదు, ఇది కూడా రాయండి.

మెటాడేటా రిజిస్ట్రీల, అంటే డేటా గురించిన వివరాలు నమోదు చేసే జాబితాల, కోసం ఐఎస్ఓ/ఐఈసీ 11179 అని ఒక అంతర్జాతీయ ప్రమాణం ఉంది, దాని ఐదో భాగం అచ్చంగా పేర్ల గురించే. దేని గురించి, ఏ లక్షణం, ఏ రూపంలో ఉన్న విలువ అన్న మూడు ముక్కలుగా పేరుని ఆలోచించమంటుంది. చదవడానికి నిద్రొస్తుంది కానీ ఆ మూడో ముక్క మాత్రం బంగారం. పేరులో చివరి మాట చూడగానే అది కోడా, లెక్కా, తేదీయా, డబ్బా తెలిసిపోవాలి.

ఫ్యాక్స్_నంబర్ గురించి చెప్పకుండా ఈ ఉత్తరం ముగించలేను. కస్టమర్ టేబుల్‌లో ఆ కాలమ్ ఉందని మీకు తెలుసు. అందులో ఫ్యాక్స్ నంబర్లు లేవని తెలుసా? ఎప్పుడో ఒక రిలీజ్‌కి ముందు రెండో మొబైల్ నంబర్ పెట్టుకోవడానికి చోటు కావాల్సి వచ్చింది, కొత్త కాలమ్‌కి అనుమతి రావడానికి మూడు వారాలు పట్టేట్టుంది, ఖాళీగా ఉన్న ఫ్యాక్స్_నంబర్ వాడేశారు. ఇవాళ ఓటీపీ మొదటి నంబర్‌కి వెళ్లకపోతే వెళ్లేది ఫ్యాక్స్_నంబర్‌కి. పోయిన ఏడాది మీలోనే ఒకరు, పేరు చెప్పను, "ఈ కాలంలో ఫ్యాక్స్ ఎవరు వాడుతున్నారు, ఈ కాలమ్ డ్రాప్ చేద్దాం" అని టికెట్ వేశారు. ఆయన తప్పేముంది? పేరుని నమ్మారు. ఆ టికెట్ నా క్యూలోకి వచ్చింది కాబట్టి ఆగింది.

అలాగే రిజర్వ్_1 నుంచి రిజర్వ్_10. పుట్టని బిడ్డకి పేరు పెట్టడం సామెతలో విన్నాం, పుట్టి ఉద్యోగం చేస్తున్నవాడికి పేరు లేకపోవడం ఇక్కడే చూస్తున్నాను. రిజర్వ్_4లో జీఎస్టీ నంబర్ ఉంది. రిజర్వ్_7లో ఏముందో ఎవరికీ తెలియదు, తీసేస్తే మాత్రం నెలాఖరు జాబ్ పడిపోతుంది.

మీ ముసాయిదాలో అసలే లేనిది ఇంకొకటి: కన్‌స్ట్రెయింట్ల, అంటే ఒకే విలువ రెండుసార్లు రాకూడదు లాంటి షరతుల, పేర్లు. పేరు పెట్టకపోతే ఒరాకిల్ తానే ఎస్‌వైఎస్_సీ అని మొదలుపెట్టి ఒక అంకెల గుత్తి తగిలిస్తుంది. రాత్రి రెండింటికి లాగ్‌లో "ఓఆర్ఏ-00001, యూనిక్ కన్‌స్ట్రెయింట్ ఉల్లంఘన" అని, పక్కన ఆ గుత్తి. ఏ టేబుల్, ఏ కాలమ్? డిక్షనరీ వ్యూల్లో వెతకాలి. టెస్ట్ సర్వర్‌లో అదే కన్‌స్ట్రెయింట్‌కి వేరే అంకె ఉంటుంది కాబట్టి మైగ్రేషన్ స్క్రిప్టులో పేరు రాయడం కూడా కుదరదు. పోస్ట్‌గ్రెస్ మాత్రం, ఉదాహరణకి ఇంకో టేబుల్‌ని చూపించే ఫారిన్ కీ అయితే, టేబుల్ పేరు, కాలమ్ పేరు, చివర ఎఫ్‌కీ అని పెద్దమనిషి తరహాలో పెడుతుంది. ఆ పద్ధతే నియమంగా తీసుకోండి. ఇన్‌వాయిస్_నంబర్_యూనిక్ అని లాగ్‌లో కనబడితే నేను కంప్యూటర్ పూర్తిగా తెరవకుండానే ఫోన్‌లో చెప్పగలను ఏం జరిగిందో.

పాత పేర్లన్నీ రేపే మార్చేయమని అడగడం లేదు. మీ 31వ పేజీలో "ఆరు నెలల్లో మొత్తం స్కీమాని కొత్త నియమాల్లోకి మార్చవలెను" అని ఉంది, దయచేసి ఆ లైను తీసేయండి. ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో ఎస్‌పీ_రీనేమ్ కొడితే కాలమ్ పేరు మారుతుంది, దాన్ని వాడే ప్రొసీజర్ల లోపలి మాటలు మారవు. అవి నడిచిన రోజు పడతాయి, కొన్ని ఏడాదికి ఒక్కసారే నడుస్తాయి. మార్చక తప్పనిది ఉంటే కొత్త కాలమ్ చేర్చండి, కొన్నాళ్లు రెండింట్లోనూ రాయండి, చదివేవాళ్లందరినీ కొత్తదాని మీదికి తెచ్చాక పాతది తీయండి. మిగతావి అలాగే ఉండనివ్వండి, కానీ ప్రతిదానికీ కాలమ్ కామెంట్ రాయించండి. ఒరాకిల్‌లోనూ పోస్ట్‌గ్రెస్‌లోనూ కామెంట్ ఆన్ కాలమ్ అని ఒక్క లైను, ఏ అప్లికేషనూ విరగదు.

మీ కమిటీలో ఏడుగురున్నారు. ఏడుగురూ ఆర్కిటెక్టులే. రిపోర్టులు రాసే టీమ్ నుంచి ఒకరు, మా రాత్రి షిఫ్టు నుంచి ఒకరు కూర్చోవడానికి రెండు కుర్చీలు అడుగుతున్నాను. మీటింగ్ మధ్యాహ్నం మూడు తర్వాత పెడితే మేం నిద్ర లేచి వస్తాం.

ఈలోగా ఒక కామెంట్ రాసి రిలీజ్ క్యూలో పెట్టాను, మీ ఆమోదం కోసం ఆగి ఉంది. "ఫ్యాక్స్_నంబర్: ఇందులో ఉన్నది కస్టమర్ రెండో మొబైల్ నంబర్. ఓటీపీ వెళ్తుంది. డ్రాప్ చేయకండి." శుక్రవారం రిలీజ్‌లోపు సంతకం చేయగలరు.

ఇట్లు,
రాత్రి షిఫ్టు, ప్రొడక్షన్ సపోర్ట్